చుక్క పక్కన ఐదు

భర్త పోయాక నరసమ్మ నంద్యాలలో పత్తి ఏరే పనికి కుదిరింది. నలభై దాటిన వయసులో, పెద్దల బడిలో లూదియా టీచరమ్మ దగ్గర అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. 1958 వేసవిలో ఆళ్లగడ్డ నుంచి తమ్ముడు మద్దిలేటి ఉత్తరం పంపితే, మొదటిసారి ఎవరినీ బతిమాలకుండా తానే చదువుకుంది.

చనిపోయిన అమ్మ పేరున్న చేను ఇద్దరికీ రాయిస్తున్నాడట. ‘మద్దిలేటికి 1.25 ఎకరాలు, నరసమ్మకు 1.5.’

ఆమె మనసు చివుక్కుమంది. వాడికి ఎకరా ఇరవై ఐదు సెంట్లు, తనకు ఎకరా ఐదు. నేల గురించి కాదు బాధ. చంకనేసుకుని పెంచిన తమ్ముడు తనకు తక్కువ రాశాడు. జవాబు రాయలేదు. పది రోజులు అన్నం సయించలేదు.

లూదియా కనిపెట్టి అడిగింది. నరసమ్మ ఉత్తరం చేతికిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లూదియా చదివి, చింతగింజలు తెచ్చి పదేసి చొప్పున పది కుప్పలు పోసింది.

“ఎకరాకు నూరు సెంట్లు గదా అక్కా. చుక్క పక్కన మొదటి చోటు పది సెంట్ల కుప్పలది. రెండోది విడి సెంట్లది. మీ తమ్మునికి ఎన్ని కుప్పలు?”

“రెండు. విడిగా ఐదు.”

“నీకు?”

నరసమ్మ ఒక్కొక్క కుప్పే ముందుకు జరిపింది. ఐదో కుప్ప దగ్గర చెయ్యి ఆగిపోయింది.

“యాబై సెంట్లా టీచరమ్మా! అయ్యో, వాణ్ని ఎన్ని తిట్టుకుంటి!”

మర్నాడే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగింది. మద్దిలేటి ఎద్దులకు మేత వేస్తున్నాడు.

“ఏందక్కా, ఉత్తరం రాస్తే ఉలుకూ పలుకూ లేదు?”

“నీ మీద అలిగినానురా,” అని ఉన్నదంతా చెప్పేసింది. వాడు పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. “నాకెందుకురా ఎక్కువ?”

“అమ్మ మంచాన పడితే రెండేండ్లు నువ్వే గదక్కా చూసుకున్నది. నాకు ఎద్దులుండాయి, కొడుకులుండారు. నీకెవరుండారు?”

“నువ్వుండావు గదరా,” అని వాడి తల నిమిరింది.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు రాతగాడు కూడా 1.5 అనే రాయబోయాడు. నరసమ్మ వేలు అడ్డం పెట్టింది.

“ఐదు పక్కన సున్నా గూడా రాయప్పా. విలువేం మారదులే, నాకు తెలుసు. నా మాదిరి కొత్తగా సదివేటోళ్లు బెదరకుండా.”