మూడొందల ఉత్తరాలు, ఒక్క పెద్దమ్మ

మా ఓనరుకి ఒక నమ్మకం ఉంది. జనం ఎంత చదివితే కళ్ళు అంత అలుస్తాయి, ఎంత అలిస్తే అన్ని కళ్ళజోళ్ళు అమ్ముడవుతాయి. ఆ నమ్మకంతోనే డైరెక్టరీ పెట్టాడు. ఆయన్ని అందరూ డాక్టరుగారంటారు గానీ ఆయన డాక్టరు కాదు. తెల్లకోటు వేసుకుంటాడు, అంతే. నేను ఆయన కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. రోజంతా ఆ మిషను రొద వినీ వినీ నాకు మనుషుల మాటలంటే ఓపిక తక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఈమధ్య మా ఊళ్ళో ప్రతివాడూ ఇంటర్నెట్లో సొంతంగా ఒక న్యూస్‌లెటర్ నడుపుతున్నాడు. పత్రికలవాళ్ళూ కంపెనీలవాళ్ళూ కాదు, మామూలు మనుషులే. వారం వారం తమకు తోచింది రాసి, కావాలన్నవాళ్ళ మెయిలుకి పంపడం. మేమంతా వాటిని ఉత్తరాలనే అంటాం. పళ్ళ డాక్టరొకాయన, నోరు తెరవమనే ముందు పేషెంట్లు చివరిగా ఏమన్నారో రాస్తాడు. లిఫ్టు మెకానిక్ ఒకతను, ఏ బిల్డింగులో లిఫ్టు ఏ అంతస్తు దగ్గర ఎందుకు మూలుగుతుందో రాస్తాడు. బస్సులో పోగొట్టుకున్న గొడుగు గురించి తప్ప మరి దేని గురించీ రాయనాయన ఇంకొకడు. ఆయన్ని గొడుగాయన అంటాం. నల్ల గొడుగు. ఎన్ని వారాలైనా అదే గొడుగు.

"ఇలాంటి ఉత్తరాలున్నాయని చదివేవాళ్ళకి తెలియాలి కదమ్మాయ్," అని డాక్టరుగారు అన్నింటినీ ఒకచోట చేర్చి వెబ్‌సైటు పెట్టించాడు. ఆ డైరెక్టరీ అందరిదీ. ఎవరైనా తమ ఉత్తరం పేరు ఎక్కించుకోవచ్చు, మార్పులు చేయొచ్చు, పక్కవాళ్ళ ఉత్తరం గురించి రెండు మంచి ముక్కలు రాయొచ్చు. చదివేవాడు వచ్చి తనకు నచ్చింది ఏరుకుంటాడు. దారినపోయేవాళ్ళకి కూడా కనిపించాలని షాపు కిటికీలో ఒక పెద్ద తెర పెట్టాం.

చేరేవాళ్ళు చేరుతూనే ఉన్నారు. మూడొందలు దాటారు. చదివేవాడు మాత్రం ఒక్కడూ రాలేదు. తెర ముందు నిలబడేవాళ్ళంతా తమ పేరు ఎక్కడుందో చూసుకోవడానికి వచ్చినవాళ్ళే. చూసుకుని, తృప్తిగా తలాడించి వెళ్ళిపోయేవారు. కళ్ళజోడు కొన్న పాపాన ఒక్కడూ పోలేదు.

డాక్టరుగారు బుర్ర గోక్కుని ఒక రూలు పెట్టాడు. డైరెక్టరీలో తన పేరు కింద ఎవరి పేరుంటే వాళ్ళ ఉత్తరం తప్పక చదవాలి. చదివినట్టు గుర్తుగా ఒక వాక్యం జవాబు రాయాలి. అట్టడుగున ఉన్నవాడు అందరికంటే పైవాడిది చదవాలి. అంటే తలా ఒక పాఠకుడు. "ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు," అని లోకాన్ని ఉద్ధరించినంత సంబరపడ్డాడు. నిజం చెప్పాలంటే బాగానే నడిచింది, లిఫ్టు మెకానిక్ పెళ్ళి చేసుకునేదాకా.

పెళ్ళయ్యాక అతను రాయడం మానేశాడు. రాయనివాడికి రూలు వర్తించదు గనక చదవడమూ మానేశాడు. అతని కింద ఉన్నది గొడుగాయన. మెకానిక్ పైనున్న పళ్ళ డాక్టర్ని కాస్త సర్దుకుని గొడుగు చదవమంటే, ఒకటి చదివి, "దీనికంటే నా పేరు తీయించుకోవడం నయం," అన్నాడు. గొడుగాయనకు పాఠకుడు లేకుండా పోయాడు. తనని చదివే దిక్కు లేనప్పుడు తను మాత్రం ఇంకొకరిది ఎందుకు చదువుతాడు? ఆయనా మానేశాడు. ఆయన కిందావిడ అలిగింది. ఆవిడ కిందాయన మా షాపుకొచ్చి, కళ్ళు పరీక్షించే కుర్చీలో కూర్చుని కంటతడి పెట్టుకున్నాడు. పనిలో పనిగా పరీక్ష చేయించుకుంటాడేమోనని డాక్టరుగారు టార్చి తీశాడు గానీ, లేదు.

ఇక కావలసింది రాయని మనిషి. ఊరికే చదివే మనిషి. డాక్టరుగారు నన్ను వెంటేసుకుని వీధంతా తిరిగాడు. ఇస్త్రీ షాపాయన్ని అడిగితే, "వచ్చే వారం నుంచి నేనే మొదలెడుతున్నా సార్, ముడతల మీద," అన్నాడు. బ్యాంకు గుమ్మం దగ్గరి సెక్యూరిటీ అతనిదీ అదే పాట. డైరెక్టరీలో మరో ఇద్దరు చేరారు, పాఠకుడు మాత్రం దొరకలేదు.

మా పెద్దమ్మ కళ్ళజోడు కాడ వదులైందని షాపుకొచ్చింది అప్పుడే. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. షాపు పై అంతస్తులో ఆవిడా నేనూ ఉంటాం. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఉద్యోగమంతా చెవులకి హెడ్‌ఫోను, నోటికి "నంబరు చెప్పండి", "మాట్లాడండి". ఆ రెండు ముక్కలే. లైను కలిపాక ఆపరేటరు నోరు మెదపకూడదు. నేను కాడ బిగించి ఇస్తే పెట్టుకుని, చూపు సరిపోయిందో లేదోనని గోడ మీది అక్షరాల చార్టు చదవడం మొదలుపెట్టింది. పెద్దక్షరాలు అయిపోయాయి, చిన్నక్షరాలు అయిపోయాయి, ఆఖరి వరస అయిపోయింది. దగ్గరికెళ్ళి, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరూ అడ్రసూ కూడా చదివి, "తర్వాతి పేజీ లేదుటే?" అంది.

డాక్టరుగారు చటుక్కున లేచి నిలబడ్డాడు. "పెద్దమ్మగారూ, మీరేమైనా రాస్తారా?"

"లేదు బాబూ. ఇంతవరకూ లేదు."

ఆ రెండో మాట ఆయన చెవికెక్కలేదు.

పెద్దమ్మ గొడుగాయన ఉత్తరాలన్నీ మొదటి నుంచీ చదివి, జవాబుగా ఒక వాక్యం రాసింది: "గొడుగు పోయిన రోజు వాన పడిందో లేదో మీరెక్కడా చెప్పలేదు." గొడుగాయన రొప్పుకుంటూ షాపులోకి వచ్చాడు. "పడలేదండీ! అందుకే కదా మర్చిపోయింది! నన్ను చదివారండీ, నిజంగా చదివారు!" అని నా చేతులు పట్టుకుని ఊపేశాడు. చేతిలో ఉన్న లెన్సు కాస్తా కింద పడి పగిలింది.

ఆ కబురు ఊరంతా పాకింది. డైరెక్టరీలో 'చదివేవారు' అని కొత్త పేజీ వెలిసింది. అందులో ఒకటే పేరు. మూడొందల మందీ ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. కూరగాయల సంచి ఒకరు మోస్తే, మెట్ల మీద చెయ్యి ఇంకొకరు పట్టుకునేవారు. కళ్ళు అరిగిపోతాయని డాక్టరుగారు మా టీవీ ప్లగ్గు పీకించి చుక్కల మందు ఉచితంగా పంపాడు. పెద్దమ్మ కూడా మొదట్లో సరదా పడింది.

ఒకరోజు గిన్నెలు తుడుస్తూ, "ఏమే, నాకూ ఒక ఉత్తరం మొదలెట్టాలనుందే," అంది.

"దేని గురించి?"

"అది రాస్తేగానీ తెలీదు. కానీ ఉంది."

నేను వెళ్ళి డాక్టరుగారితో అంటే ఆయన మొహం పాలిపోయింది. వెంటనే నలుగురిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "పెద్దమ్మగారూ, ఉన్నది మీరొక్కరు. మీరూ రాయడం మొదలెడితే ఇక్కడ చదివేవాళ్ళు సున్నా. మూడొందల మందిని నడిరోడ్డు మీద వదిలేస్తారా?" అని బతిమాలాడు. అక్కడికక్కడే ఇంకో రూలు తయారైంది. పెద్దమ్మ ఒక వాక్యం రాస్తే అది జవాబు. రెండో వాక్యం రాస్తే రచన. రెండోది పడకూడదు.

రూలంటే రూలే. మా తలుపు మీద పెద్దమ్మ చేత్తో రాసి అంటించిన కాగితం ఉండేది, 'బెల్లు పనిచేయదు. తలుపు కొట్టండి' అని. అవి రెండు వాక్యాలని గొడుగాయన కనిపెట్టి రెండోది కొట్టేశాడు. ఇక మా ఇంటికొచ్చినవాళ్ళంతా బెల్లు పనిచేయదని చదువుకుని వెనక్కి వెళ్ళిపోయేవారు.

"పోన్లేవే పాపం, వాళ్ళకి ఎవరున్నారు," అంది పెద్దమ్మ. అలా అన్నదే గానీ రోజురోజుకీ వాడిపోయింది. జవాబులు "బాగుంది" దగ్గరికి వచ్చి ఆగాయి. ఆ "బాగుంది"కే జనం ఫ్రేము కట్టించుకున్నారు. తిండి సగమైంది. ఒక సాయంత్రం చూద్దును కదా, కిటికీ దగ్గర కూర్చుని పెదవులు కదుపుతోంది, మాట బయటికి రావడం లేదు. "ఏంటి పెద్దమ్మా?" అంటే, "ఊరికేనే," అంది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆవిడ చెవుల మీంచి ఆ హెడ్‌ఫోను దిగలేదు. దించనివ్వడం లేదు ఈ మహానుభావులు.

ఆ ఆదివారం షాపులో సభ్యులందరి మీటింగు. లోపల పట్టక సగంమంది పేవ్‌మెంటు మీద నిలబడ్డారు. చర్చ ఏమిటంటే పెద్దమ్మను ఎలా కాపాడుకోవాలి. కళ్ళకు విశ్రాంతిగా పగలంతా గంతలు కట్టి, చదివేటప్పుడే విప్పితే ఎలా ఉంటుందని పళ్ళ డాక్టరు సలహా ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్ళు మండింది. కంప్యూటరు దగ్గరికి వెళ్ళాను. డైరెక్టరీ అందరిదీ అన్నారుగా, అందరిలో నేనూ ఉన్నాను. 'చదివేవారు' పేజీలోంచి ఉన్న ఒక్క పేరూ తీసేశాను. ఉత్తరాల వరసలో, అన్నిటికంటే పైన, 'పెద్దమ్మ ఉత్తరం' అని ఎక్కించాను. కిటికీలో తెర మారింది. పేవ్‌మెంటు మీదివాళ్ళు ముందు చూసి గొల్లుమన్నారు.

"ఎంత పని చేశావమ్మాయ్!" అని డాక్టరుగారు పరీక్ష కుర్చీలో కూలబడ్డాడు.

"మరి నా గొడుగు?" అన్నాడు గొడుగాయన.

"కొత్తది కొనుక్కోండి!" అని అరిచాను.

ఆ గోలకి పెద్దమ్మ కిందికి దిగి వచ్చింది. అందరూ చప్పున పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, తెర మీద తన పేరు ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

"చేర్చేశావుటే?"

"చేర్చేశాను. వెళ్ళి రాయి."

"రాస్తానే. రాస్తే చదివేదెవరు?"

మూడొందల మందీ తమ చెప్పుల వంక చూసుకున్నారు. "నేను చదువుతాను," అన్నాను. ఇంతవరకూ ఒక్క ఉత్తరం కూడా తెరిచి చూసిన మొహం కాదు నాది, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. నా వంక కాసేపు చూసి పైకి వెళ్ళిపోయింది.

జనం కదల్లేదు. ముందు ఇస్త్రీ షాపాయన గుట్టుగా ఫోను తీసి పెద్దమ్మ ఉత్తరం తనకూ పంపమని పేరు ఇచ్చుకున్నాడు, ఆవిడ తన ముడతల గురించి ఏం రాస్తుందోనని భయం. అది చూసి పక్కవాడు, వాడిని చూసి ఇంకొకడు. తిట్టుకుంటూ, గొణుక్కుంటూ అందరూ ఇచ్చుకున్నారు. టీలు తెప్పించుకుని, తాగి, ఇంకా గొణుక్కుంటూ ఉండగా ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.

అందరూ చదువుతున్నారు. చాలామంది ఫోను చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని మరీ చదువుతున్నారు. ఇన్నాళ్ళూ రాయడమే తప్ప మనసు పెట్టి చదవడం లేదు గనక, చత్వారం వచ్చిందని ఒక్కడికీ తెలియదు. డాక్టరుగారు ఏ మాటా అనకుండా డ్రాయరులోంచి రీడింగ్ గ్లాసులు తీసి చేతికొకటి అందించాడు. ఆఖరిది తను పెట్టుకున్నాడు.

ఉత్తరం ఇది:

"ఎక్స్‌చేంజిలో మేము జనం మాటలు వినకూడదు. కానీ లైను ఉందో పోయిందో చూడ్డానికి మధ్యమధ్య వినాలి. అందరూ చెప్పాల్సింది మొదట్లోనే చెప్పేసేవారు. జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది, ఆదివారం బయల్దేరుతున్నా. ఆ తర్వాత ఒకరు 'ఇంకేంటి?' అనేవారు. అవతలివాళ్ళు 'ఏం లేదు' అనేవారు. అని ఇద్దరూ పెట్టేసేవారు కాదు. మాటల్లేని లైను పీకెయ్యమని మా సూపర్‌వైజరు ఆర్డరు. నేను పీకేదాన్ని కాదు, తిట్లు తినేదాన్ని. ఎందుకంటే ఆ 'ఏం లేదు' అయ్యాక కాసేపు ఊరుకుంటేనే అసలు మాట వచ్చేది. అంతమందిని కలిపాను. నన్ను మాత్రం ఇంకేంటి అని ఎవరూ అడగలేదు. ప్రస్తుతానికి ఏం లేదు."

నేను చదవడం పూర్తి చేసి తలెత్తితే ఎవరూ ఎవరి మొహం చూడడం లేదు. గొడుగాయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. తర్వాత అందరి బొటనవేళ్ళూ కదిలాయి, కొద్దిగా, అంతే. నావీ కదిలాయి.

పైకి వెళ్ళేసరికి పెద్దమ్మ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. జవాబులు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడుతున్నాయి. పళ్ళ డాక్టరుది, గొడుగాయనది, అలిగినావిడది, మా డాక్టరుగారిది, ఎక్కడి నుంచి తెలిసిందో లిఫ్టు మెకానిక్‌దీ, అతని పెళ్ళాందీ. మూడొందల చిల్లర జవాబుల్లోనూ ఒకటే మాట.

ఇంకేంటి?

పెద్దమ్మ దాచుకోకుండా ఏడుస్తోంది. చెంపలు తుడుచుకోవడం కూడా లేదు, రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. టకటకా కొడుతోంది. నాకూ ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక, "అన్నం పెట్టనా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. ఒక చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"ఉండవే. వాళ్ళింకా లైన్లోనే ఉన్నారు."