పోటును ఆపిన రాణి

తమ్ముడు ఫెస్టీ పోయిన పొద్దున గడియారం ఆపింది తనే కదా, మరి ఆ టిక్కుటిక్కు ఇంకా ఎక్కడ వినిపిస్తోంది, శవపేటిక మోసేవాళ్ళ బూట్లేమో, కంకర మీద నలుగురి అడుగులూ ఒక్కటై పడుతున్నాయి, లేక చెవిలోనే ఉండిపోయిందేమో, ఆ వేళ తమ్ముడి చెయ్యి వదిలి కుర్చీ ఎక్కి లోలకం పట్టుకుంటే వేళ్ళ మధ్య ఒకసారి గింజుకుంది, పట్టుబడ్డ పిట్టలాగా, తర్వాత అద్దానికి గుడ్డ కప్పింది, ఆత్మ వెళ్ళడానికి కిటికీ తెరిచింది, సబీనా హెనెగన్ ఏదీ మరిచిపోలేదు, ఊరి బళ్ళో ఏ పని తర్వాత ఏ పనో పిల్లలకు నేర్పి నేర్పి ఆ వరస చేతులకే వచ్చేసింది, ఇవాళ పేటిక లేవగానే దాని కింది కుర్చీలను కాలితో తన్ని పడేసింది కూడా తనే, నిలబెట్టి ఉంచితే చావు మళ్ళీ వచ్చి వాటి మీద కూర్చుంటుందట, కూర్చుంటే కూర్చోనీ, ఇంక ఎవరున్నారని ఆ ఇంట్లో, ఎంత దూరం ఈ నడక, ఇసుక మీదుగా పోతే శ్మశానం అదిగో, చెయ్యి చాపితే అందేలా ఉంది, సముద్రం వెనక్కి పోయి అఖాతమంతా ఆరిపోయి పడి ఉంది, అయినా చనిపోయినవాణ్ణి దగ్గర దారిన తీసుకెళ్ళకూడదు, వదిలించుకోవడానికి తొందరపడ్డారనుకుంటాడు, అందుకని చుట్టూ తిరిగి, గుట్ట ఎక్కి దిగి, గాలికి ఎదురుగా, ఈ కాళ్ళు తనవేనా.

ఆ ఆరిన ఇసుకే, అచ్చం వాడి నాటకంలో ఉన్నట్టే, డబ్లిన్‌లో చదువు ఆపేసి దగ్గుతో ఇంటికొచ్చిన చలికాలం వాడు పొయ్యి దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు, మొదటిసారి రాస్తున్నాను అక్కా, నవ్వకు అన్నాడు, ఊరి మాటల్లోనే రాశాడు, కాకపోతే పద్యంగా, రాజు పడవెక్కి వెళ్ళి తిరిగి రాడు, ఆయన్ని మోసుకుపోయిన నీళ్ళు మళ్ళీ నా రేవులోకి రావద్దని రాణి శాసిస్తుంది, సముద్రం ఆమె మాట వింటుంది, పోటు రావడం మానేస్తుంది, పడవలు ఇసుకలో పక్కకి ఒరిగిపోతాయి, ఊళ్ళో పొయ్యిలు ఆరిపోతాయి, అయినా ఆమె ఒడ్డు వదిలి కదలదు, ఆ రాణి వేషానికి దుకాణంలో పనిచేసే డీలియా మానియన్, మంత్రి వేషానికి పడవల బార్ట్లీ, అతని భుజాన భార్య విప్పి ఇచ్చిన కిటికీ తెర, ఎన్ని సాయంత్రాలు బడి బల్లలు గోడకు జరిపి నేర్పాడో వాడు, ఒక్క సాయంత్రమైనా సజావుగా సాగిందా, బార్ట్లీ ఊరందరికీ జపమాల చెప్పించే మనిషి, సగం తను చెబుతాడు, మిగతా సగం జనం చెబుతారు, ఎన్నేళ్ళుగానో నోటికి అదే అలవాటు, పద్యపాదం సగానికి రాగానే ఆగిపోయి ఎదురుచూసేవాడు, గోడ వారన కూర్చున్న ఆడవాళ్ళు అల్లికల మీంచి తలెత్తకుండానే రెండో సగం అందుకునేవారు, ఫెస్టీ నుదురు కొట్టుకునేవాడు, ఇది జపమాల కాదు బార్ట్లీ మామా, మొత్తం నువ్వే చెప్పాలి, చెప్పకేం నాయనా, నేను ఆగట్లేదు, నోరే ఆగిపోతోంది, అంటే డీలియా, ఆయన నోరు ఆగడమా, ఈయన పెళ్ళాం వింటే మొక్కు తీరిందని గుళ్ళో కొవ్వొత్తి వెలిగిస్తుంది అనేది, అందరూ నవ్వేవారు, వాడూ నవ్వేవాడు, నవ్వు దగ్గులోకి దిగేది, రుమాలు మడిచి జేబులో పెట్టుకునేవాడు, తను అటు చూడనట్టు పలకలు సర్దేది.

ఇప్పుడు ఆ డీలియానే చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది, వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఏదో అడగాలని గుట్ట మొదలు నుంచీ నోరు తెరుస్తోంది, మూస్తోంది, చివరికి అడిగేసింది, పంతులమ్మా, ఇది అడిగే వేళ కాదు, ఈస్టరు సోమవారానికే గదా ఫాదర్ హాలు ఇస్తానన్నది, ఆయన మళ్ళీ ఇవ్వడు, చావు జరిగిన ఏడాది వేషం కట్టకూడదని మా అమ్మ గోల, నాకదేం పట్టదు, నాకు రెండంకాలూ వచ్చు, మూడో అంకంలో రాణి ఏం చెబుతుంది, ఆయన నాకు చెప్పనే లేదు, మీకైనా చెప్పాడా, అంటే ఏం చెప్పాలి తను, చూద్దాం అంది, చూద్దాం అన్న మాట ఎంత బరువో ఇవాళే తెలిసింది, లోపల మాత్రం, చెప్పలేదే డీలియా, వాడికే తెలీదు, మూడో అంకంలో రాణి లేచి నిలబడి పోటుకు సెలవివ్వాలి, రా అనాలి, ఆ ఒక్క మాట దగ్గరే వాడు ఆగిపోయాడు, దుప్పటి మెడదాకా లాక్కుని అడిగాడు, అక్కా, అది నువ్వు రాయి, నాకు చేతకావట్లేదు, నేను పోగొట్టుకున్నదేముందని, అమ్మా నాన్నా పోయేనాటికి నాకు ఊహే లేదు, నా వంతు ఏడుపు కూడా నువ్వే ఏడ్చేశావు, అని, నాకు లెక్కలూ దస్తూరీ వచ్చు, పద్యాలు రావు, మందు తాగు అంది తను, తాగాడు, గిన్నె అడుగుదాకా తాగాడు పాపం, ఇప్పుడు డీలియాకు ఇవ్వడానికి ఒక్క ముక్క లేదు, అది లేకపోతే నాటకం లేదు, వాడు ఈ లోకంలో చేసినదల్లా ఆ ఒక్కటే, అదీ సగంలో ఇసుకలో ఒరిగిపోయిన పడవలాగా.

మోసేవాళ్ళు మారారు, బార్ట్లీ పేటిక కింద నుంచి భుజం తప్పించి పక్కకొచ్చి జపమాల మొదలుపెట్టాడు, గొంతు బొంగురుపోయింది, శవం దగ్గర జాగారానికి ఇంటికొచ్చిన ప్రతివాడికీ పొగాకు పంచి, ప్రార్థన చెప్పించి, కళ్ళు వాచిపోయాయి, మరియమ్మ జపం సగం అతను, సగం వెనక జనం, ఒక దండ, రెండో దండ, నడకా నిద్రా కలిసిపోయిన మాటలు, అతను ఏమంటున్నాడో అతనికే తెలియదు, వింటున్నామో లేదో వీళ్ళకీ తెలియదు, పేటిక మూత మీద ఎండ జారుతోంది, అప్పుడు అదే గొంతుతో, అదే లాగుడుతో, బార్ట్లీ అన్నాడు,

నీళ్ళు లేని రేవులోకి,

అని ఆగాడు, ఎప్పటిలాగే, వెనక ఊరంతా, నెత్తిన శాలువాలు కప్పుకున్న ముసలమ్మలూ, టోపీలు చేత పట్టుకున్న మగవాళ్ళూ, తలెత్తకుండానే అన్నారు,

పడవ ఎలా వస్తుందమ్మా,

మంత్రి రాణిని అడిగే మాట అది, రెండో అంకంలోది, వాడి మాట, డీలియా వేళ్ళు బిగుసుకున్నాయి, బార్ట్లీ భార్య మొగుడి డొక్కలో మోచేత్తో పొడిచింది, ముందు నడుస్తున్న ఫాదర్ కాన్సిడీన్ వేరే ఊరి మనిషి, ఇదేదో ఇక్కడి పాత ప్రార్థన అనుకున్నాడేమో, తల వంచి శిలువ గుర్తు వేసుకున్నాడు, చూశావట్రా ఫెస్టీ, చూసి ఉంటే పొట్ట పట్టుకునేవాడివి, సబీనాకు నవ్వొచ్చింది, నవ్వనుకున్నది గొంతు దాటేసరికి ఇంకేదో అయింది, ఈ మూడు రోజులూ రానిది, నడుస్తూనే ఉంది, డీలియా చెయ్యి వదల్లేదు, బార్ట్లీ గొంతు సవరించుకుని మళ్ళీ మరియమ్మ జపంలోకి వెళ్ళాడు, జనం మళ్ళీ వెనకే వెళ్ళారు.

మన్ను వేయడం అయింది, పారలు శిలువలా ఒకదాని మీద ఒకటి పెట్టారు, తిరిగి చూస్తే అఖాతంలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి, ఎవరూ రమ్మనకుండానే, చప్పుడు లేకుండా, ముందు సన్నటి పాయలుగా, తర్వాత వెడల్పుగా, ఇందాకటి ఇసుక దారి అప్పుడే లేదు, ఇంటికెళ్ళాలి, పడిన కుర్చీలు లేపాలి, గడియారం నడపాలి, టీ కాచాలి, ఊరంతా వస్తుంది, డీలియా మళ్ళీ అడుగుతుంది, పెదాల మీద ఆ మాట అలాగే తిరుగుతోంది, నీళ్ళు లేని రేవులోకి, నీళ్ళు లేని రేవులోకి, వాడు నుదురు కొట్టుకున్నది దీనికే, ఎన్ని సాయంత్రాలు సరిదిద్దబోయాడో, సరిదిద్దాల్సింది కాదేమోరా అది, రాణిని ఒక్కదాన్నే నిలబెట్టి అంత మాటా ఒక్క గొంతుతో చెప్పమంటే ఏ మనిషికి చేతనవుతుంది, పాదంలో సగం ఆమె అంటే చాలు, రెండో సగం ఊరు అందుకుంటుంది, ఒడ్డున ఊరంతా ఉంటుంది కదా, ఈస్టరు సోమవారం డీలియా లేచి నిలబడుతుంది, ఆగుతుంది, బల్లల మీద కూర్చున్నవాళ్ళు అల్లికల మీంచి తలెత్తకుండానే అంటారు, వాళ్ళ సగం వాళ్ళకు వస్తుంది, ఇవాళ వచ్చినట్టే.

రాణి చెప్పాల్సిన సగం తను ఇంకా రాయలేదు.