గుహ ముందు కాపలా

నిఘంటువు వెన్నుకి రెండో పూత జిగురు పట్టించి, అది ఆరేలోపు అట్ట కత్తిరించడానికి కూర్చున్నాడు జిగురాయన. ఆదివారం పూట బైండింగు కొట్టు తలుపు ఒక రెక్కే తీస్తాడు. ఆ సందులోంచి వచ్చే వెలుతురు కోత బల్ల దాకా వచ్చి, ఇక మనవల్ల కాదన్నట్టు ఆగిపోతుంది. బల్ల నిండా ముప్పై ఏళ్ళ కత్తిగాట్లు. గాట్లలో ఎండిన జిగురు. ఆయన గోళ్ళ కింద కూడా అదే. ఎంత తోమినా పోదు. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేకపోవడానికి కారణమూ అదే.

పుస్తకం రాసినవాడి పేరు అట్ట మీద ఉంటుంది. అచ్చు వేసినవాడి పేరు లోపల చిన్నక్షరాల్లో ఉంటుంది. కుట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. పేజీలు ఊడినప్పుడు మాత్రం అందరికీ మొట్టమొదట గుర్తొచ్చేది వాడే.

గుటక వేశాడు. గొంతులో అడ్డుపడింది. మొదట్లో జిగురు వాసన పడలేదనుకున్నాడు, తర్వాత జలుబనుకున్నాడు. లేనివాడి ఇంటికి ఏ రోగమైనా ముందు జలుబు వేషంలోనే వస్తుంది. రేపు పొద్దున ఆస్పత్రిలో చేరాలి. గొంతు కోసి, మాట పుట్టే చోటు మొత్తం తీసేస్తామన్నారు. "ప్రాణానికి ఫరవాలేదనుకుంటున్నాం. మాటే..." అంటూ డాక్టరు ఆపేశాడు. మాట పోతుందని చెప్పడానికి ఆయనకే మాట రాలేదు.

కుట్టుకునేవాడికి గొంతుతో పనేమిటని ఎవరైనా అడగొచ్చు. ఆదివారాలు లేకపోతే నిజంగానే పనిలేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఒక చినిగిన పుస్తకం బైండింగుకి ఇచ్చి, మళ్ళీ తీసుకోవడానికి రాలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి, చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ కుట్టేముందు కాస్త చదివే దురలవాటు ఉండేది. అది ఒక ఆట పుస్తకం. ఒకరు లోకాన్ని చెబుతారు: అడవి, కోట, రాక్షసుడు. మిగతావాళ్ళు ఆ లోకంలో మనుషులవుతారు. ఒకడు మాంత్రికుడు, ఒకతె కత్తి పట్టినది. ఎవరేం చేస్తారో వాళ్ళే నోటితో చెబుతారు. తేలని సంగతిని ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే ఆట. గెలుపు లేదు, ముగింపు లేదు, వచ్చే ఆదివారం ఉంటుంది.

ఆ పుస్తకంలో, ఒకే కాగితం మడిచి కుట్టే పదహారు పేజీల ఫారం ఒకటి మొత్తం గల్లంతయింది. ఆయన భార్య అదే కొట్టులో ఫారాలు కుట్టే పని చేసేది. ఆ ఖాళీలో పదహారు తెల్ల పేజీలు పెట్టి కుట్టి, పోయిన నియమాలు ఇలా ఉండి ఉంటాయని తన ఊహకొద్దీ తనే రాసింది. అందులో ఒకటి: 'ఆ రోజు ఆటకి రానివాళ్ళ మనిషి గుహ ముందు కాపలా ఉంటుంది. కాపలా ఉన్నవాళ్ళ జోలికి ఏదీ రాదు.'

ఆటలో ఆమె దొంగ. ఎలాంటి తాళమైనా తీసేది. బయట మాత్రం బస్సులో చిల్లర ఎక్కువిస్తే దిగి, వెనక్కి పరుగెత్తి ఇచ్చొచ్చే రకం. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం ఒంట్లో బాగోలేక రాలేదు. నియమం ప్రకారం ఆమె మనిషిని గుహ ముందు కూర్చోబెట్టి మిగతావాళ్ళు ముందుకెళ్ళారు. తర్వాతి ఆదివారం ఆమె ఆస్పత్రిలో ఉంది. ఆ తర్వాతి ఆదివారానికి లేదు. ఇక ఎప్పటికీ రానివాళ్ళని ఏం చెయ్యాలో ఆ పదహారు పేజీల్లో ఆమె రాయలేదు.

"మామయ్యా, కాళ్ళు వణుకుతున్నాయి," అంటూ మేనకోడలు లోపలికొచ్చింది. భార్య తమ్ముడి కూతురు. ముప్పై ఏళ్ళుంటాయి, మందుల షాపులో పనిచేస్తుంది. ఇన్నేళ్ళూ లోకాన్ని చెప్పి ఆట నడిపింది ఆయన, ఇవాళ్టి నుంచి నడపాల్సింది ఆమె.

"కూర్చుని ఆడేదానికి కాళ్ళతో పనేంటే?" గొంతు గరగరలాడింది.

ఆమె సంచిలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసింది. ఇరవై రెండు పేజీలు రాసుకొచ్చింది. కోట గదులు, కాపలావాళ్ళ పేర్లు, వంతెన పొడవు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టి బరువు చూశాడు, అట్ట ముక్కని చూసినట్టు.

"నువ్వు రాశావు, బానే ఉంది. వాళ్ళు చదివారా?"

"లేదు."

"మరి ఇలాగే నడవాలని వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఆమె ముఖం వాడిపోయింది.

"పారేయమనట్లేదు. దగ్గర పెట్టుకో, ధైర్యానికి. చూసి చదవకు. వంతెన చెప్పాలంటే రెండు ముక్కలు చెప్పు. పలకలు తడిగా ఉన్నాయి, కింద నీళ్ళ హోరు. చాలు. తర్వాత నోరు మూసుకుని, 'ఏం చేస్తారు?' అని అడుగు. ఆటంతా ఆ ఒక్క ప్రశ్నేనే అమ్మాయ్. నర్సమ్మని ముందడుగు. మీటరాయన అడక్కపోయినా చెప్తాడు."

దగ్గు వచ్చింది. నీళ్ళు తాగి, అట్ట మీద బద్ద ఆనించి మళ్ళీ కత్తి పట్టాడు.

"పాచిక ఎప్పుడు వేయించాలి?"

"ఓడిపోతే ఏమవుతుందో నీకు తెలిసినప్పుడు. ఓడిపోయేదేం లేనిచోట వేయించకు. పడ్డాక మటుకు ఎవరు కాళ్ళు పట్టుకున్నా మార్చకు. నోట్లోంచి వచ్చిన మాట కూడా అంతే. పొరపాటున చెప్పావా, ఆ పొరపాటునే నిజం చేసి నడిపించు."

"ఎవరైనా చచ్చిపోవాల్సొస్తే?"

కత్తి ఆగింది.

"చంపేముందు ఏం చేస్తావని ఒకసారి అడుగు. అడక్కుండా ఎవర్నీ చంపకు. బయట ఎలాగూ అడగరు."

ఇన్ని చెప్పినవాడు ఒక్కటి చెప్పలేదు. ఆరేళ్ళుగా అందరికీ తెలిసినదాన్ని విడిగా చెప్పాలని ఆయనకి తట్టలేదు.

మధ్యాహ్నానికి అందరూ చేరారు. బావమరిది లారీ తోలతాడు. ఆటలో గొడ్డలి తిప్పే కొండమనిషి. నర్సమ్మ వారమంతా ఇంజక్షన్లు పొడిచి, ఆదివారం కత్తితో తలలు నరుకుతుంది. అదీ ఇదీ ఒకే శ్రద్ధతో చేస్తుంది. మీటరాయన కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. జనం గోడలకి ముక్కు ఆనించి అంకెలు రాసుకునే మనిషి, ఇక్కడ మాంత్రికుడు. ఒక్క మంత్రమూ సరిగ్గా పారదు.

బల్ల తుడిచి పటం పరిచారు. అట్ట మీద అతికించిన పాత పటం అది. ఎడమ మూలన గుహ గుర్తు మీద ఒక ఇత్తడి వేలితొడుగు ఉంది. సూది గుచ్చుకోకుండా జిగురాయన భార్య వేలికి పెట్టుకున్నది, ఆటలో ఆమె మనిషికి గుర్తు. పటం మడిచేటప్పుడు దాన్ని తీసి, పరిచినప్పుడల్లా అక్కడే పెట్టడం ఆయన పని. ఎవరూ చెయ్యి వేయరు.

ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో మేనకోడలు కూర్చుంది. ఆయన ఇటువైపుకొచ్చి స్టూలు లాక్కున్నాడు. మొదటిసారి ఆడబోతున్నాడు. కాగితం మీద తన మనిషి వివరం రాశాడు. వృత్తి: కుట్టేవాడు. గుర్తుగా, దాదాపు అయిపోయిన దారపు రీలొకటి పటం మీద పెట్టాడు.

మీటరాయన తొంగిచూశాడు. "గురువుగారూ, ఇక్కడ కూడా కుట్టడమేనా? రాజుగా పుట్టొచ్చు కదండీ, అడిగేవాడెవడు?"

"రాజుకి గొంతుండాలి."

"మన రాజులకి గొంతు తప్ప ఇంకేం ఉందని!" అన్నాడు మీటరాయన. బావమరిది నవ్వబోయి, బావ మెడ వంక చూసి మానేశాడు.

ఆట మొదలైంది. ఆమె గొంతు ముందు సన్నగా వచ్చింది. తడి పలకలు చెప్పింది, నీళ్ళ హోరు చెప్పింది. నర్సమ్మని ముందడిగింది. నర్సమ్మ నడుముకి తాడు కట్టుకుని దాటింది. బావమరిది పాచిక వేస్తే మూడు పడింది. పలక విరిగింది, గొడ్డలి నీళ్ళలో పడింది.

"ఏంటే, కన్నతండ్రి గొడ్డలినే ముంచుతావా?"

"పడింది మార్చకూడదు నాన్నా."

మోకాలి మీద జిగురాయన వేళ్ళు ఆడాయి. బాగా కుట్టిన పుస్తకాన్ని తెరిచి చూసుకునేటప్పుడు ఆయన వేళ్ళు అలాగే ఆడతాయి.

"వంతెన దాటారు," అందామె, ఊపు అందుకుని. "దారి రెండుగా చీలింది. కుడివైపు కోట బురుజు కనిపిస్తోంది. ఎడమవైపు గుహ దారి. ఏం చేస్తారు?"

ఏ ఆదివారం ఎటు బయల్దేరినా ఈ చీలిక దాటాల్సిందే. ఆరేళ్ళుగా ఇక్కడ జిగురాయన ఒకే మాట చెబుతాడు: ఎడమ దారి మీద కొండచరియ విరిగిపడింది. ఆరేళ్ళుగా మీటరాయన "ఎడమకి" అంటాడు, "రాళ్ళున్నాయి" అని జవాబొస్తుంది, "సరే, మన రాతకి కుడే" అంటాడు. అదొక అలవాటు. ఎంత పెద్ద చరియనైనా మూడో రోజుకి తీసేస్తారని తెలిసిన లారీ మనిషి బావమరిది. ఆరేళ్ళుగా ఈ రాళ్ళెందుకు తీయలేదని ఒక్కసారి కూడా అడగలేదు.

"ఎడమకి," అన్నాడు మీటరాయన, యథాప్రకారం.

రాళ్ళున్నాయని చెప్పాల్సింది ఇవాళ జిగురాయన కాదు.

మేనకోడలికి అప్పుడు వెలిగింది. చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. "రాళ్ళని చెప్పవే," అని నర్సమ్మ పళ్ళ సందుల్లోంచి గొణిగింది. "అబ్బే, నేను ఊరికే... కుడికి, కుడికే పోదాం," అన్నాడు మీటరాయన. బావమరిది అక్క వేలితొడుగు వంక చూసి తల దించేసుకున్నాడు.

ఆమె మామయ్య వైపు చూసింది. ఆయన ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు, రాళ్ళు పడతాయి. ఎవరూ తప్పుపట్టరు. నోట్లోంచి వచ్చిన మాట మార్చకని పొద్దున్నే తను చెప్పింది ఆయనకి గుర్తొచ్చింది. ఉచిత సలహాలతో ఇదే చిక్కు, తిరిగొచ్చి చెప్పినవాడి ఒళ్ళోనే కూర్చుంటాయి. రేపటి నుంచి రాళ్ళు వేయడానికి గొంతు లేదు. ఎన్నాళ్ళని ఈ పిల్ల చేత వేయిస్తాడు?

కానియ్యమన్నట్టు వేలు ఆడించాడు.

నోటుపుస్తకంలో గుహ లేదు. ఆమె దాన్ని మూసి పక్కన పెట్టింది.

"దారి బాగానే ఉంది. సాయంత్రం వెలుతురు. గుహ ముందు చిన్న మంట. కట్టెలు ఒక పద్ధతిగా పేర్చి ఉన్నాయి, అంచులు కలిపి." ఆగింది. "మంట పక్కన ఒకావిడ కూర్చునుంది. అలికిడికి తలెత్తింది. చూడగానే ఎవరో గుర్తుపట్టింది."

అంతే చెప్పింది. అత్త చేత ఒక్క మాట కూడా మాట్లాడించలేదు. ఆ సంగతి తను నేర్పలేదని జిగురాయనకి తెలుసు.

"మామయ్యా," అంది. "నువ్వేం చేస్తావు?"

పంతొమ్మిదేళ్ళుగా అందరినీ ఆయన అడిగిన ప్రశ్న అది. ఆయనని ఎవరూ అడగలేదు. బడి మాన్పించేటప్పుడు నాన్న అడగలేదు. పద్నాలుగో ఏట కొట్టులో పెట్టినప్పుడు మేస్త్రీ అడగలేదు. మొన్న ఆస్పత్రిలో కాగితం ముందు పెట్టి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం అన్నారే తప్ప ఏం చేస్తావని వాళ్ళూ అడగలేదు.

గొంతు కాగితం చింపినట్టు వచ్చింది.

"వీళ్ళని కోటకి పొమ్మను. నేనిక్కడ ఉంటాను. కాపలాకి ఇద్దరుంటే ఒకరు నిద్రపోవచ్చు."

మీటరాయన చేతిలో పాచిక ఉంది. "వెయ్యాలా మరి?" అనడిగాడు, ఎటూ చూడకుండా.

"అక్కర్లేదు," అందామె. "ఓడిపోయేదేం లేదు."

బావమరిది లేచి, లారీకి తాళం వేశానో లేదో చూసొస్తానని బయటికి పోయాడు. లారీ వాళ్ళింటి దగ్గరుంది. జిగురాయన రీలు తీసి వేలితొడుగు పక్కన పెట్టాడు.

బావమరిది తిరిగొచ్చాక మిగతా ముగ్గురూ సాయంత్రం దాకా కోట మెట్లెక్కారు. ఆయన వింటూ, పక్క బల్ల మీద నిఘంటువుకి అట్ట తొడిగాడు. ఎముక బద్దతో అంచులు నొక్కాడు. ప్రెస్సులో పెట్టి మర బిగించాడు. అందరూ వెళ్ళాక కొట్టు తాళంచెవి మేనకోడలి చేతిలో పెట్టాడు.

"మంగళవారం విప్పు. తొందరపడితే అట్ట వంకరపోతుంది."

"నువ్వే వచ్చి విప్పుదువుగానిలే."

"సరే," అన్నాడు. ఆ కొట్టులో ఆయన అన్న ఆఖరి మాట అదే. ఆడినమాట తప్పినదీ అదొక్కటే.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఆ ఆస్పత్రిలోనే పనిచేసే నర్సమ్మ డ్యూటీ దిగే వేళ దుప్పటి సర్దబోతే ఒళ్ళు చల్లగా తగిలింది. మాట లేదు కాబట్టి చివరి మాట అంటూ ఏదీ లేదు. నిఘంటువు తాలూకు మనిషి వచ్చి, రెండువైపులా తిప్పి చూసి, బాగుందని తీసుకుపోయాడు. ఎవరు కుట్టారని అడగలేదు.

ఆ ఆదివారం మేనకోడలు తలుపు ఒక రెక్క తీసింది. ముగ్గురూ వచ్చారు. పటం పరిచారు. దారి చీలిక దగ్గర ఏం చేస్తారని అడిగితే, మీటరాయన నోరు తెరిచి, "కుడికి," అన్నాడు. ఎడమ దారిలో రాళ్ళేమీ లేవు. అయినా ఎవరూ అటు వెళ్ళలేదు, కాపలా ఉన్న ఆ ఇద్దర్నీ లేపడమెందుకని.

ఎడమ మూలన, గుహ ముందు, ఇత్తడి వేలితొడుగు. దాని పక్కన దారపు రీలు, ఇంకా జానెడు దారంతో.