సముద్రాన్ని తీపన్న గొట్టం

నేను ఒక జానెడు గొట్టాన్ని. ఒక కొసన ఏటవాలు గాజు, దాని మీద మూత. రెండో కొసన కన్ను ఆనించే రంధ్రం. గాజు మీద రెండు చుక్కల పండ్లరసం వేసి వెలుతురుకు ఎత్తితే లోపల నీలానికీ తెలుపుకీ మధ్య ఒక గీత కనిపిస్తుంది. అది ఏ అంకె దగ్గర ఆగితే పండులో తీపి అంత. అనంతపురం ద్రాక్షతోటల్లో నన్ను బ్రిక్స్ మీటరు అంటారు. ఎన్ని పండ్ల తీపి చెప్పానో, ఒక్కటీ రుచి చూడలేదు. వచ్చిందెంత, పోయిందెంత అని తూచడమే నాకు తెలిసిన పని. నా బతుకునూ అలాగే తూచి మీ ముందు పెడుతున్నాను.

నన్ను మొదట కొన్నది నార్పల రైతు ఒకాయన. ఒక్క వానతో ఆయన తోటను బూజు తెగులు తినేసింది. మూడేళ్లు మందుల డబ్బాల మధ్య పడి ఉండి, పాత పందిరి కమ్మీలతో పాటు కదిరప్ప చేతికి వచ్చాను.

కదిరప్ప ద్రాక్ష వ్యాపారి. ఆ చుట్టుపక్కల ఆయన నాలుకే మీటరు. గుత్తిలో అన్నిటికన్నా ఆలస్యంగా పండేది కొసన ఉన్న కాయ. ఆయన దాన్నే తుంచి, ముందుపళ్లతో నలిపి, ఆకాశం కేసి చూసి, "మూడు దినాలు తాళప్పా" అనేవాడు. ఆ మాట దాటి ఏ రైతూ కత్తెర పట్టేవాడు కాదు. నన్ను చూసి, "నాలుక లేనోనికి కదప్పా ఇది" అని నవ్వి బీరువాలో పడేశాడు.

ఒక ఏడు ఆయనకు పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గుతూ తగ్గుతూ వాసననూ రుచినీ వెంట తీసుకుపోయింది. ఊరగాయా ఉత్త అన్నమూ ఆయనకు ఒకటే అయ్యాయి. ఇంట్లో కూడా చెప్పలేదు. బీరువా తెరిచి నన్ను తువ్వాలులో చుట్టుకున్నాడు. తోటలో కాయ నమిలినట్టు నమిలి, ఒంటికి పోయేవాడిలా పందిరి వెనక్కి వెళ్లి నన్ను కంటికి ఆనించుకునేవాడు. మనుషులు దేన్ని చూసి నవ్వుతారో చివరికి దాన్నే దాచుకుని తిరుగుతారు.

నా అంకె తప్పలేదు. అయితే పులుపు నా లెక్కలోకి రాదు. చెన్నప్ప అనే రైతు తోటలో పద్దెనిమిది చూపించాను. "రేపే కోయి" అన్నాడు కదిరప్ప. కాయలో పులుపు ఇంకా చావలేదు. బెంగళూరు పోయిన లోడు పోయినట్టే తిరిగొచ్చింది. కదిరప్ప నలుగురిలో నిలబడి, చెన్నప్ప నీళ్లు ఎక్కువ పెట్టి తోట చెడగొట్టాడన్నాడు. ఆ నాలుకకు ఎదురు చెప్పేవాడు లేడు. ఇంకో వ్యాపారి ఆ గేటు తొక్కలేదు. వానలు పడేలోపే చెన్నప్ప రెండెకరాల తీగలూ పెరికించేశాడు.

మరుసటి ఏప్రిల్‌లో డ్రిప్ పైపుల కంపెనీ ఒకటి పన్నెండుమంది ద్రాక్ష మనుషులను చిలీ దేశం చూపించడానికి తీసుకుపోయింది. జాబితాలో పేరు ముందే ఎక్కినందువల్ల, తోట లేని చెన్నప్ప కూడా విమానమెక్కాడు. నేను కదిరప్ప జేబులో ఉన్నాను.

కాసాబ్లాంకా లోయలో పొద్దున పదింటిదాకా సముద్రం మీది నుంచి వచ్చిన పొగమంచు కదల్లేదు. తీగలు మన పందిళ్లలా నెత్తి మీద లేవు, నడుమెత్తు కమ్మీల మీద వరసగా పాకి ఉన్నాయి. కాయ బఠాణీ గింజంత. మా మార్కెట్ యార్డులో దించితే ఆవులు కూడా మొగం తిప్పుకుంటాయని మనవాళ్లు జాలిపడ్డారు.

తర్వాత చల్లటి గిడ్డంగిలో, పీపాల మధ్య, హిమేనా అనే గైడు గ్లాసుల్లో ఎర్ర వైను పోసి రుచి ఎలా ఉందో చెప్పమంది. అన్న నాలుక ఉండగా మనమెందుకని అందరూ కదిరప్ప వైపు తిరిగారు. ఆయన రంగు చూస్తున్నట్టు కిటికీ దగ్గరికి నడిచాడు. నా మీద రెండు చుక్కలు పడ్డాయి. ఏడున్నర చూపించాను. పులిసిన రసంలోని మద్యం నా గీతను పక్కకు లాగుతుందని ఆయనకు తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

"తీపి ఇంకా మిగిలే ఉంది" అన్నాడు తిరిగి వచ్చి.

హిమేనా మర్యాదగా నవ్వింది. తమ దగ్గర బొత్తిగా తీపి లేని వైను ఇదేనని ఆమె అన్న మాటను కంపెనీ మనిషి తెలుగులో చెప్పాడు. పరాయి సరుకు కదా అని అందరూ సర్దుకున్నారు. ఒక గుక్క తాగి, చింతపులుసులాంటి పులుపుకు మొహం చిట్లించిన చెన్నప్ప మాత్రం కదిరప్పనే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం వాల్పరైసో రేవు. కొండల మీద రంగురంగుల రేకుల ఇళ్లు, కింద చేపల బజారు. మనవాళ్లు ముక్కులు మూసుకుని బస్సు వైపు నడిచారు. కదిరప్ప ఒక్కడే గోడ పక్కన నిలబడి సముద్రం చూస్తున్నాడు. చెన్నప్ప దగ్గరికి వచ్చాడు.

"ఏం వాసనొస్తాందన్నా?"

"సముద్రం గాలి కదప్పా. సల్లగా ఉంది."

"నీ కాళ్లకాడ కుళ్లిన చేప పేగులుండాయి."

కదిరప్ప కిందికి చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు చెన్నప్ప.

"రెండేండ్లు."

"అంటే, నా తోటకు వచ్చినపుడూ..."

కదిరప్ప నన్ను తీసి ఆయన చేతిలో పెట్టాడు. "దీన్ని నమ్మినా" అన్నాడు.

చెన్నప్ప మెట్లు దిగి, అలలో వేళ్లు ముంచి, నా గాజు మీద రెండు చుక్కలు విదిలించి చూశాడు. ఉప్పుకైనా నా గీత కదులుతుంది. నాలుగు చూపించాను.

"సముద్రాన్ని కూడా తీపంటాంది" అన్నాడు. విసిరేస్తాడనుకున్నాను, జేబులో వేసుకున్నాడు. "బస్సులో అందరి ముందరా సెప్పన్నా" అని మాత్రం అడిగాడు.

కదిరప్ప చెప్పాడు. డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి, చెన్నప్ప తోటలో తప్పు లేదనీ, రుచి లేనిది తన నోటికేననీ చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే కిటికీల వైపు తిరిగారు. రెండేళ్లుగా తమ తోటల్లో ఆయన అన్న మాటలు నెమరేసుకుంటున్నారు కాబోలు. ఆ తర్వాత ఆయన్ను ఏ తోటకూ పిలవలేదు.

నేనిప్పుడు చెన్నప్ప వంటింటి గూట్లో, చక్కెర డబ్బా పక్కన ఉన్నాను. గాజు మీద ఉప్పు మరక అలాగే ఎండిపోయింది. ద్రాక్ష ఉన్నచోట వేరుశనగ వేశారు. రెండు పంటలు ఒక మనిషి పరువు నిలిపాను, ఒక మనిషి తోట తీశాను. ఎటు తూచినా రెండోదే బరువు తూగుతోంది.

మొన్న కదిరప్ప వచ్చాడు. పనేమీ లేదు, ఊరికే. చెన్నప్ప భార్య సుంకమ్మ గబగబా రెండు గ్లాసుల కాఫీ ఇచ్చి బర్రె దగ్గరికి పోయింది. చెన్నప్ప ఒక గుక్క తాగి ఆగాడు. గూట్లోకి చూశాడు. చక్కెర డబ్బా మూత బిగించింది బిగించినట్టే ఉంది, తొందరలో సుంకమ్మ దాన్ని తీయనే లేదు.

ఎదురుగా కదిరప్ప ఊదుకుంటూ తాగుతున్నాడు.

"బాగుందప్పా కాఫీ."

సుంకమ్మను పిలవబోయిన చెన్నప్ప నోరు మూసుకున్నాడు. తన గ్లాసు కూడా అడుగుదాకా తాగాడు.