మైకక్క వాంగ్మూలం

పొద్దున ఆరింటి నుంచి నాలుగు మరమగ్గాల మధ్య నిలబడి పనిచేసిన మైకక్కను మొహమైనా కడుక్కోనివ్వకుండా మేనేజరు గదిలోకి పిలిచారు. జుట్టు నిండా దూది నుసి. కాళ్లు పీకేస్తున్నాయి. వెనకాలే తోడికోడలు వచ్చింది. పోయిన నెల షెడ్డులో నిప్పంటుకున్నప్పుడు, తాళం వేసిన వెనక తలుపును బాదీ బాదీ చేతులు కాల్చుకున్నది ఈమే. కట్లు ఇంకా విప్పలేదు.

విచారణకు పెద్ద ఆఫీసరొచ్చాడు. ఆయన ఒక్క మాట రాస్తే తాళం ఊడుతుంది. అందుకే షెడ్డులో అరవై మందీ కలిసి మైకక్కను ముందుకు తోశారు. మగ్గాల మోతను దాటుకుని ఆ చివరిదాకా వినిపించే కంచు గొంతు ఆమెది, మైకక్కన్న పేరూ అందుకే వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, వీళ్లు నోరు పెద్దదైతే చాలనుకున్నారు పాపం.

పక్కింటి ముసలి పంతులుగారు వారం రోజులు నేర్పారు.

"ముందు గుండెనిండా ఊపిరి తీసుకో తల్లీ. ఆయన కళ్లలోకి చూడు. చివరి మాట మింగెయ్యకు."

మిగతా సాధనంతా మగ్గాల దగ్గరే చేసుకుంది. ఆ హోరులో చెప్పి చూసుకుంటే తన మాట తనకే ముచ్చటేసింది. పంతులుగారికి చెవులు మందగించాయి కాబట్టి ఆయనకూ బాగానే ఉంది. చప్పుడు లేని గదిలో ఆ గొంతు ఎలా ఉంటుందో ఇద్దరికీ తట్టలేదు.

మేనేజరు గదిలో గడియారం చప్పుడు కూడా లేదు. ముందు మేనేజరే మాట్లాడాడు. గొంతు పెంచలేదు. ఆఫీసరే కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు. పెద్దవాళ్లు గొంతు చించుకోనక్కర్లేదు, వినేవాళ్లే వంగుతారు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు ఆఫీసరు.

మైకక్క ఊపిరి తీసుకుంది. ఆయన కళ్లలోకి చూసింది.

"సార్! వెనక తలుపు తాళం తీయించండి!"

ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. కప్పులో టీ తొణికింది. గుమ్మంలో గుమాస్తా కిసుక్కున నవ్వాడు.

"ఏంటమ్మా, అలా మీదికొస్తావ్? నెమ్మదిగా చెప్పు."

"నెమ్మదిగానే చెప్తున్నా సార్! మంటలొస్తే మేం ఎటు పోవాలి?"

"అరవకంటుంటే! గొంతు తగ్గించు."

తగ్గించింది. ఇరవై ఏళ్లుగా ఆమెకు ఉన్నవి రెండే గొంతులు. ఒకటి మోతను దాటే కేక. రెండోది మగ్గానికీ మగ్గానికీ మధ్య ఆడవాళ్లు పెదాలతో చెప్పుకునే మాట. దానికి చప్పుడుండదు, పెదాలు చూసి పట్టేస్తారు. కేక వద్దనగానే ఆమె నోరు అలవాటుగా ఆ రెండోదానిలోకి జారింది. ఆ సంగతి ఆమెకే తెలియలేదు, చెవులు ఏనాడో మొద్దుబారాయి.

అన్నీ చెప్పింది. పొగ గురించి చెప్పింది. తలుపు మీద ఒకరి మీదొకరు పడ్డ సంగతి, గడియకు తోడికోడలి చర్మం అంటుకుపోయిన సంగతి చెప్పింది. చివరి మాట మింగలేదు. ఆమె పెదాలు చూస్తూ తోడికోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ గదిలో ఆ మాటలు చేరింది ఆమెకొక్కదానికే.

ఆఫీసరు విసుగ్గా మేనేజరు వైపు తిరిగాడు. "ఏంటిది, మాట్లాడదేం?"

"భయపడినట్టుంది సార్. చెప్పడానికేమీ లేదని రాసెయ్యండి."

మేనేజరు మెల్లగానే అన్నా, అతని పెదాలను తోడికోడళ్లిద్దరూ చదివారు. అప్పుడుగాని జరిగిందేమిటో అర్థం కాలేదు. మైకక్క మళ్లీ మొదలుపెట్టబోయేసరికి ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. గుమాస్తా అలాగే రాసిన కాగితం, సిరా పెట్టె తెచ్చి ఎదురుగా పెట్టాడు.

"వేలిముద్ర వెయ్యమ్మా. నీ పని నీకుంటుంది," అన్నాడు మేనేజరు.

"ఇందులో నా మాట ఉందా?"

"మళ్లీ అరుపులా?" అన్నాడు ఆఫీసరు.

ఈసారి ఆమె తగ్గించలేదు.

"వెయ్యను సార్! నేను చెప్పాను. మీకు వినపడలేదని రాసుకోండి! నేను చెప్పలేదని మాత్రం రాయొద్దు!"

గుమాస్తా ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకుంది. పంతులుగారు నేర్పినవేవీ అప్పుడు ఆమెకు గుర్తు లేవు.

ఆఫీసరు 'ముద్ర వేయడానికి నిరాకరించింది' అని ఒక ముక్క రాసి, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తాళం సంగతి అందులో ఎక్కడా లేదు.