నప్పిన బట్ట

సీమంతంలాంటి ఏడో నెల వేడుకలో, కడుపుతో ఉన్న లస్త్రికి ఏడు బాతిక్ బట్టలు మార్చి మార్చి చుట్టాలి. చుట్టినప్పుడల్లా ఆమె అత్తగారు, పేరు సుమిని, "నప్పిందా?" అని ఆడవాళ్లని అడుగుతుంది. ఆరోదాని దాకా వాళ్లంతా "ఇంకా నప్పలేదు" అని ఆటపట్టించి, ఏడోదానికే ఒప్పుకోవాలి.

నాలుగోది చుట్టేసరికి లస్త్రికి ఒంటేలు ముంచుకొచ్చింది.

"అత్తయ్యా, ఒక్కసారి వెళ్లొస్తా."

"ఇంకా మూడేగా, కాస్త ఆపుకోవే."

"పోయినసారి అలా ఆపుకుని, ఒంటేల్లో మంటని దాచిపెట్టి తెచ్చుకున్న జబ్బువల్లేగా వీడు తొందరపడి పుట్టాడు" అంటూ అరటిపండు తింటున్న పెద్దోణ్ణి చూపించింది లస్త్రి. "నర్సమ్మ మీ ముందే తిట్టింది కదా."

ఆస్పత్రి అద్దాల పెట్టెలో గుప్పెడంత మనవడు సుమినికి గుర్తొచ్చాడు. పళ్ల పళ్లేలు దాటుకుంటూ కోడల్ని స్నానాలగది దాకా లాక్కుపోయింది. లోపల గడియ పెట్టి ఉంది. సందులోంచి లవంగాల సిగరెట్టు పొగ వస్తోంది. లస్త్రి మొగుడు పర్తో తప్ప ఇంకెవరు?

"ఒరేయ్, కడుపుతో ఉన్నదాని చుట్టుపక్కల పొగ వద్దని నర్సమ్మ నీకు చెప్పలేదూ? బయటికి రారా."

పర్తో దగ్గుకుంటూ బయటపడ్డాడు, లస్త్రి లోపల దూరింది. కాసేపటికి, తడిసిన బట్ట వదిలేసి, దండెం మీది మొగుడి పాత గళ్ల లుంగీ చుట్టుకుని హాయిగా నవ్వుతూ వచ్చింది.

"నప్పింది" అనేశారు ఆడవాళ్లంతా, లెక్క మరిచిపోయి.

"మరి మిగిలిన మూడు బట్టలో?" అంది ఎవరో.

సుమిని కొడుకు చెవి పట్టుకుంది. "వీడికి చుట్టండి."

మూడూ చుట్టారు. పర్తో ఎంత బతిమాలినా, ఇంకా నప్పలేదనే అన్నారు.