పది డీబీల తేడా

పొద్దున సరిగ్గానే చూపించింది కదా, ఇప్పుడెందుకు పది డీబీలు ఎక్కువ చూపిస్తోంది, సిగ్నల్ జనరేటర్‌లో నేను పెట్టింది సున్నా, కేబుల్ కొత్తది, కనెక్టర్ రెండుసార్లు స్పిరిట్‌తో తుడిచాను, అయినా సిగ్నల్ బలం కొలిచే ఈ పాత స్పెక్ట్రమ్ అనలైజర్ తెర మీద గీత పైగడి దాకా నిక్కబొడుచుకుంది, ఉన్నదానికి పది రెట్లు బలం ఉన్నట్టు కోతలు కోస్తోంది, పెట్టె పక్కన వేలితో తట్టాను, గీత దిగింది, మళ్ళీ తట్టాను, ఎక్కింది, అంటే అటెన్యుయేటరే, లోపలికొచ్చే సిగ్నల్‌ని మెట్టు మెట్టుగా తగ్గించే ఆ చిన్న డబ్బాలో ఏదో రిలే స్విచ్చు అంటుకుపోతోంది, తగ్గించాల్సింది తగ్గించకుండానే తగ్గించేశాననుకుని తెర మీద పది కలిపి చెబుతోంది, అదీ వేడెక్కాకే, చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలు, మా రిపేరు షాపు ఓనరు వేలంలో టోకున పట్టుకొచ్చిన పదకొండు పెట్టెల్లో ఇది ఏడోది, రెండు చచ్చాయి, నాలుగు బతికాయి, దీని సంగతి సాయంత్రానికల్లా తేల్చమన్నాడు, బయట ముసురు, కిటికీ అద్దం మీద చెమ్మ, గదంతా కాలిన టంకం వాసన.

మూత మరలు ఎనిమిది, ఒకదాని గాడి అరిగిపోయి ఎంతకీ తిరగదు, పట్టకారుతో పెకిలించాను, ఫ్యాను మీద పిల్లి బొచ్చులా దుమ్ము, బ్రష్‌తో దులుపుతుంటే మూత లోపలివైపు చిన్న చీటీ, పసుపెక్కిపోయింది, పరీక్షించడమైనది అని, కింద తేదీ, పక్కన సంతకం, ఆ సంతకం తోక పైకి లేచి కొక్కెంలా వంగింది, అలా వంచేది ఎవరా అని ఒక్క క్షణం ఆలోచించాను కూడా, ఎంత సిగ్గు.

నాదే.

పన్నెండేళ్ళ కిందటి వానాకాలం, అప్పుడు నేను ల్యాబులో ఉన్నాను, కొలిచే మిషన్లు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసి చీటీ అంటించడమే నా పని, ముందువైపు ఎర్ర రంగుతో రాసిన అంబులెన్సు వాళ్ళ నంబరుని గీకేశారు గానీ చివరి రెండంకెలు ఇంకా కనిపిస్తున్నాయి, ఇది బావ మిషనే, అక్క మొగుడు, అంబులెన్సు ఆఫీసులో రేడియోలు చూసేవాడు, ఆ రోజు దీన్ని తనే చంకలో పిల్లాడిలా ఎత్తుకొచ్చి నా బల్ల మీద దించాడు, స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ ఏమోయ్ బావమరిదీ, నీ మిషన్లు అరగంట వేడెక్కితే గానీ నిజం చెప్పవంటావు, దీనికా మర్యాద లేదా అన్నాడు, అదంతా పుస్తకాల్లోలే బావా, అక్క ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది, పద, ఆకలి దంచేస్తోంది అన్నాను, ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచానేమో, మహా అయితే ఆరు, గీత బుద్ధిగా సున్నా మీద కూర్చుంది, చీటీ అంటించాను, ఇద్దరం ఒకే గొడుగులో అక్క దగ్గరికి వెళ్ళి కడుపునిండా తిన్నాం.

పద్దెనిమిది రోజులకి ఆ వాన, రోడ్డు నీళ్ళలో తెగిపోయింది, అవతలి వైపు నుంచి ఇంకో బండి పంపండి అని అంబులెన్సు డ్రైవరు రేడియోలో అరుస్తూనే ఉన్నాడట, ఆఫీసులో మాత్రం బరబర తప్ప ఏమీ వినపడలేదట, వెనక పడుకున్న ఆవిడ గుండె పట్టుకుని రెండు గంటలు చూసి వెళ్ళిపోయింది, ఆ బండి రేడియోని ఈ మిషన్ చూసుకుంటూనే సరిచేసి, బలం సరిపడా ఉందని రాసి సంతకం పెట్టింది బావ, తీరా చూస్తే పదోవంతే ఉంది, విచారణ కమిటీ వాళ్ళు ఈ మిషన్ని కూడా తెప్పించి ఆన్ చేసి చూశారట, సరిగ్గానే చూపించిందట, చూపించదూ, చల్లగా ఉంది కదా, బావ ఉద్యోగం ఊడింది, ఇప్పుడు రాత్రిళ్ళు గోడౌను గేటు దగ్గర వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకుంటాడు, ఇంట్లో టేప్‌రికార్డరు మూగబోయినా తను ముట్టుకోడు, నువ్వు చూడరా అని నా చేతిలో పెడతాడు, ఆ ఆవిడ పేరు నాకు తెలీదు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఫోన్ చేస్తే అక్క ఎత్తింది, ఏంట్రా పనివేళలో, ఒంట్లో బాగానే ఉందా, బాగానే ఉందక్కా, బావ ఉన్నాడా, ఉన్నారు, వాన పడుతోందని బట్టలు లోపలేస్తున్నారు, ఉండు, చెప్పుల చప్పుడు, ఏరా అన్నాడు, మామూలు గొంతు, బావా నీ పాత మిషనొకటి మా షాపుకొచ్చింది, ఎర్రంకెలది, వేడెక్కితే తప్పు చూపిస్తోంది అన్నాను, పదేనా ఎక్కుతోంది అన్నాడు, నేను ఎంతో చెప్పలేదు, ఎక్కువో తక్కువో కూడా చెప్పలేదు, నీకు తెలుసా బావా, తెలీదురా, అదే అయ్యుంటుందనుకున్నాను, ఆ రేడియో తిరిగొచ్చాక ఇంకో మీటరు పెట్టి కొలిచాను, సరిగ్గా పదోవంతు, పాడైన రేడియో అంత లెక్కగా పాడవుతుందా, మరి చెప్పలేదేం, చెబితే ఆవిడ లేచొస్తుందా, నీ సంతకం కూడా పోయేది, మీ అక్క ఎవరి మొహం చూసి ఏడవాలి, అయినా ఆ రోజు ఆకలేసింది నీకొక్కడికేనా, నేనూ లేచి గొడుగు తీశాను కదా, సరే, ఆ మూత బిగించెయ్, ఆదివారం వస్తున్నావుగా, పెట్టేశాడు.

బిగించలేదు, మూత వెల్లకిలా అలాగే ఉంది, రిలే మార్చడానికి పావుగంట చాలు, బావ ఉద్యోగం ఊడిన తర్వాతి ఆదివారమే కదా నేనన్నది, కంచం ముందు కూర్చుని, పెద్ద మనిషిలా, సంతకం పెట్టే ముందు ఇంకో మీటరుతో కూడా చూసుకోవాల్సింది బావా అని, నిజమేరా, చూసుకోవాల్సింది అన్నాడు, అని, వాడికి ఇంకొంచెం వడ్డించవే అని అక్కతో చెప్పాడు, వంటింట్లోకి వెళ్ళి నేను అక్క చెవిలో మనిషి మంచివాడే గానీ పనిలో నిలకడ లేదక్కా అన్నాను, అక్క కుళాయి తిప్పింది, గిన్నె నిండి పొంగిపోతున్నా కట్టలేదు, అక్కకీ తెలుసన్నమాట, పన్నెండేళ్ళుగా ఆదివారం ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను, ఒకరి ప్రాణం తీసినవాడితో కలిసి తింటున్నాను, ఎంత పెద్ద మనసు నాది అని లోలోపల మురిసిపోతూ కంచం ముందుకు జరుపుతున్నాను, వాళ్ళు వడ్డిస్తున్నారు, ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో క్షమిస్తూ వచ్చింది నేను కాదు.